ఫోటో కింద భవనం పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత మద్రాసు ఫోటోలకు ఒక పేజీ కేటాయిస్తున్నారు. ఆ పేజీ కోసమే మా ఇంట్లో ఆదివారం పేపరు ముందు నా చేతికి వస్తుంది. మొన్న అందులో ఒక శాసనసభ ఫోటో వేసి, కింద ‘జార్జి కోటలోని అసెంబ్లీలో ఆంధ్ర సభ్యులు, 1953’ అని రాశారు. అది 1953 అయితే కోట కాదు. కోటే అయితే 1953 కాదు. ఏది నిజమో తేల్చి దిద్దుబాటు వేయమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఇంకా చాలా చెప్పాలనిపించింది. పెద్దదైతే కత్తిరించుకోండి, కానీ అసెంబ్లీ సంగతి మాత్రం ఉంచండి.

1952 ఎన్నికల తర్వాత ఉమ్మడి మద్రాసు రాష్ట్ర శాసనసభలో 375 మంది సభ్యులు. కోటలో ఉన్న సభామందిరంలో అంతమందికి చోటు చాలదు. అందుకని మౌంట్ రోడ్డు పక్కన గవర్నమెంట్ ఎస్టేటులో కొత్తగా ఒక హాలు కట్టారు. 1952 మే 3న సభ అక్కడ మొదలైంది. 1956 డిసెంబరు దాకా అక్కడే జరిగింది. రాజాజీ ముఖ్యమంత్రిగా మాట్లాడిందీ, తరిమెల నాగిరెడ్డి, తెన్నేటి విశ్వనాథం వంటి వాళ్ళు ఆయన్ని నిలదీసిందీ ఆ హాల్లోనే. 1953లో ఆంధ్ర రాష్ట్ర బిల్లు చర్చకు వచ్చిందీ అక్కడే. ఆ అక్టోబరులో మన సభ్యులు కర్నూలు వెళ్ళిపోయారు, డేరాల్లో ఆఫీసులు పెట్టుకున్నారు. అంతమంది వెళ్ళిపోయాక మిగిలిన సభకు ఆ హాలు ఎంత పెద్దదిగా కనిపించిందో ఏమో, 1957లో సభ మళ్ళీ కోటకు చేరింది.

ఖాళీ అయిన హాలుని పిల్లల సినిమాలు వేసే థియేటరు చేశారు. దాన్నే ‘బాలర్ అరంగం’ అనేవారు. మా స్కూలు వాళ్ళు మమ్మల్ని వరసలో నిలబెట్టి అక్కడికి తీసుకెళ్ళిన గుర్తు నాకుంది. సినిమా ఏమిటో గుర్తులేదు. ఆంధ్ర రాష్ట్రం గురించి వాదించుకున్న చోట కూర్చున్నామని తెలుగు పిల్లలమైన మాకు ఒక్కరూ చెప్పలేదు. 1974లో హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్ బిరుదుతో దానికి ‘కలైవాణర్ అరంగం’ అని పేరు మార్చారు. తర్వాత ఆ భవనాన్నే కూలగొట్టి, అదే పేరుతో ఇంకొకటి కట్టి 2016లో తెరిచారు. కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబరులో, దూరం దూరంగా కూర్చోవాలని తమిళనాడు అసెంబ్లీ సమావేశాలు అక్కడికి మార్చారు. పేరు పాతదే, చోటూ పాతదే, గోడలు మాత్రం కొత్తవి. ఇంటర్నెట్‌లో ఆ పేరు కొట్టి చూసేవాళ్ళకు ముందు కొత్త భవనమే కనిపిస్తుంది. మీ ఉప సంపాదకుల్లో ఎవరో పాత ఫోటోని దానితో పోల్చి చూసి, ఇది అది కాదనుకుని, అసెంబ్లీ అంటే కోటే కదా అని రాసేసి ఉంటారు. అలా రాసినవాళ్ళని నేను తప్పు పట్టను. పక్కన పెట్టి పోల్చి చూడటానికి సరైన ఫోటో వాళ్ళకి దొరకకపోవడమే అసలు సమస్య.

పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన రాయపేట హైరోడ్డు ఇల్లు స్మారక భవనంగా నిలిచింది. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళకి దాన్ని చూపించగలుగుతున్నాం. ఆయన మరణం తర్వాత జరిగిన చట్టసభ వ్యవహారానికి మాత్రం చూపించడానికి ఏమీ లేదు. కాబట్టి మీ చేతిలో ఉన్న ఆ ఒక్క ఫోటో నిజంగా ఆ హాలుదే అయితే అది చాలా విలువైనది. దయచేసి దాని వెనకవైపు కూడా చూడండి. ఫోటో తీసినవాళ్ళ ముద్ర, తేదీ అక్కడ ఉండే అవకాశం ఉంది.

ఇది ఎక్కడ నేర్చుకున్నానని అడుగుతారేమో. మా నాన్నగారు కోడంబాక్కంలో సినిమా స్టిల్స్ ప్రింట్లు వేసే డార్క్‌రూమ్‌లో పనిచేసేవారు. ఇంటికొచ్చినా ఆయన చేతులు ఫోటోలు కడిగే హైపో మందు వాసన వేసేవి. హీరోయిన్ కళ్ళు మూసుకున్నవీ, హీరో తల కదిలి మసక అయినవీ, నలుపు ఎక్కువై మాడిపోయినవీ వేస్ట్ ప్రింట్లు. వాటిని పారేయకుండా ఇంటికి తెచ్చేవారు. ఒకవైపు తెల్లగా, దళసరిగా ఉండేది కదా, అదే మాకు లెక్కల కాయితం. నా ఎక్కాలన్నీ మహానటుల వీపుల మీద రాసినవే. అమ్మ కొన్నిటిని పచ్చడి జాడీల మీద మూతల కింద కూడా వేసేది, అవి పోయాయి.

మిగిలినవి ఇప్పుడు నా దగ్గర ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. ఎక్కాల వైపు నుంచి తిప్పి భూతద్దం పెట్టి చూస్తుంటే నాకు తట్టిన విషయం ఒకటే. మంచి స్టిల్‌లో ముఖం తప్ప ఏమీ ఉండదు. వెనక ఉన్నదంతా కావాలని మసక చేస్తారు, లేదా కత్తిరిస్తారు. పనికిరాదని పక్కన పడేసిన వాటిలోనే స్టూడియో కనిపిస్తుంది. షూటింగు జరిగే ఫ్లోరు పెద్ద తలుపు, పైన లైట్లు బిగించే కటారా మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న లైట్‌బాయ్, గోడ వారన నీళ్ళ ట్యాంకు, రేకుల కప్పు, సైకిళ్ళు, టిఫిన్ క్యారియర్లు. మద్రాసులో 1950ల నాటి స్టూడియో ఎలా ఉండేదో చూడాలంటే మనకు మిగిలిన ఆధారం ఇలాంటి చెడిపోయిన ఫోటోలే.

ఇవి ఎక్కడ తీసినవి? కొన్ని చెప్పగలను, చాలావాటికి చెప్పలేను. ఎందుకంటే నాన్నగారు వెనక ఏమీ రాయలేదు. రోజూ వెళ్ళే చోటు పేరు ఎవరు రాసుకుంటారు? అదేమైనా కాశీయా, రామేశ్వరమా?

వడపళనిలో వాహినీ స్టూడియో 1948 ప్రాంతంలో మొదలైంది. మూలా నారాయణస్వామి, బి.ఎన్. రెడ్డి పెట్టారు. తర్వాత బి. నాగిరెడ్డి, చక్రపాణి చేతుల్లో అది విజయా వాహినీ అయింది. ‘షావుకారు’, ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ అన్నీ ఆ కాంపౌండు సరుకే. ‘మాయాబజార్’ కోసం కళా దర్శకులు గోఖలే, కళాధర్ చిన్న చిన్న ఇళ్ళతో ద్వారకను కట్టిన సంగతి ఎన్ని వ్యాసాల్లో చదివామో లెక్కలేదు. ఆ అట్టముక్కల ద్వారకను టీవీలో ఇవాళ కూడా చూడొచ్చు. ఆ ద్వారక మీద లైట్లు వేలాడదీసిన అసలు భవనం ఎంత ఎత్తో, తలుపు ఏ దిక్కుకు ఉండేదో నన్నడిగితే చెప్పలేను. మీరు కూడా ఇన్నేళ్ళలో ‘మాయాబజార్’ గురించి ఎన్నో పేజీలు వేశారు, ఆ గోడ ఫోటో ఒక్కటీ వేయలేదు.

ఆ స్థలంలో 1972లో విజయా ఆస్పత్రి వచ్చింది. 2013లో పెద్ద మాల్ వచ్చింది. నా మనవరాలు ఆ మాల్‌లో పిజ్జా తింటూ, ‘ఇక్కడేనా అమ్మమ్మా, ఎస్వీ రంగారావు లడ్డూలు తిన్నది?’ అని అడిగింది. ఇక్కడే ఎక్కడో అన్నాను. స్టూడియో పోయి ఆస్పత్రి వచ్చినందుకు నాకు ఫిర్యాదు లేదు. మా పేటలో ఆ ఆస్పత్రికి వెళ్ళని ఇల్లు ఉండదు. రేకుల షెడ్డులన్నీ శాశ్వతంగా నిలబెట్టాలని కూడా అనను. అవి అలా నిలబడటానికి కట్టినవి కావు. కానీ పడగొట్టేముందు ఒక మనిషి కెమెరా పట్టుకుని చుట్టూ తిరిగి ఫోటోలు తీయడానికి ఎంత ఖర్చవుతుంది? కెమెరాలు తప్ప వేరే పనిముట్లు లేని చోట ఆ పని జరగలేదంటే విచిత్రం కాదూ!

మీర్జాపురం రాజావారి శోభనాచల స్టూడియో సంగతీ అంతే. ‘కీలుగుర్రం’ తీసిన సంస్థ. అది తర్వాత వీనస్ స్టూడియో అయింది. ఆ తర్వాత అదీ లేదు. జెమినీకి మాత్రం కొంత అదృష్టం ఉంది. భవనం పోయినా పేరు బస్సు కండక్టర్ల నోట మిగిలింది. మన వాళ్ళకి కాంచనమాల ‘బాలనాగమ్మ’ ఇచ్చిన స్టూడియో అది. 1942 నాటి మాట. తర్వాత ‘చంద్రలేఖ’ డ్రమ్ముల డాన్సుతో దేశమంతా చుట్టివచ్చింది. 1973లో ఆ కూడలిలో ఫ్లైఓవర్ కట్టారు. కాగితాల మీద దాని పేరు అన్నా మేంబాలం. జనం మాత్రం జెమినీ ఫ్లైఓవర్ అనే అంటారు. స్టూడియో ఉన్న నేల మీద ఇప్పుడు స్టార్ హోటలు, ఆఫీసు కాంప్లెక్సులు ఉన్నాయి.

ఫోటోలో ఉన్నది ఏ సంవత్సరమో ఎలా చెప్పగలుగుతున్నారని మా ఇంటికి వచ్చిన ఒక కుర్రాడు అడిగాడు. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, మీ వాళ్ళకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. మౌంట్ రోడ్డు ఫోటోలో ముందు ఆకాశం చూడాలి. పద్నాలుగు అంతస్తుల ఎల్ఐసీ భవనం కనిపించాల్సిన కోణంలో ఉండి కూడా కనిపించకపోతే ఫోటో 1959కి ముందుది. సగం కట్టి సారవలు ఉంటే దానికి ఒకటి రెండేళ్ళ ముందుది. తర్వాత నేల చూడాలి. రోడ్డు మీద ట్రాము నడుస్తుంటే 1953 ఏప్రిల్‌కు ముందు, ఎందుకంటే ఆ నెలలోనే మద్రాసు ట్రాములు ఆగిపోయాయి. పట్టాలు మాత్రమే ఉంటే తొందరపడకూడదు, ట్రాములు ఆగిన మర్నాడే పట్టాలు పీకేయరు కదా. జెమినీ దగ్గర ఫ్లైఓవర్ లేకపోతే 1973కి ముందు. గోడ మీద సినిమా పోస్టరు ఉంటే ఇక వెతకక్కర్లేదు. రిలీజు తేదీ తెలిసిన సినిమా పోస్టరు ఉందంటే ఫోటో వెనక తేదీ రాసి ఉన్నట్టే. ఆడవాళ్ళ జాకెట్టు చేతుల పొడవు చూసి దశాబ్దం చెప్పడం నా సొంత పద్ధతి. దాన్ని మీ వాళ్ళకి సిఫార్సు చేయను.

మౌంట్ రోడ్డు సినిమా హాళ్ళ గురించి రాయకుండా ఉండలేను. గెయిటీ అని ఒకటి ఉండేది. దాన్ని 1910ల్లో కట్టించింది మన రఘుపతి వెంకయ్యనాయుడు. బందరు మనిషి. సినిమాల్లోకి రాకముందు ఆయనదీ ఫోటోల వృత్తే, అదే మౌంట్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన తొలి సినిమా హాలని గెయిటీకి పేరు. ఆయన పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అవార్డు పెట్టింది. ఆ అవార్డు వార్త వేసినప్పుడల్లా మీరు వెంకయ్యగారి బొమ్మ వేస్తారు, మంచిదే. గెయిటీ బొమ్మ ఎప్పుడైనా వేశారా? ఈ శతాబ్దం మొదటి పదేళ్ళలో అది నేలమట్టమైంది. తెలుగు పత్రికల్లో దాని గురించి ఎవరైనా రాసినట్టు నా కంటపడలేదు.

గెయిటీ మరీ పాతది. 1964లో వచ్చిన సఫైర్ మా తరానిది. సఫైర్, ఎమరాల్డ్, బ్లూ డైమండ్ అని ఒకే కప్పు కింద మూడు హాళ్ళు. ఇప్పుడు మల్టీప్లెక్స్ అంటున్నది మేము అప్పుడే చూశాం. లోపల చల్లగాలి, కాళ్ళ కింద తివాచీ. బ్లూ డైమండ్‌లో ఒకే టిక్కెట్టు మీద రోజంతా కూర్చున్నా అడిగేవాళ్ళు కాదు, ఎండాకాలం కాలేజీ పిల్లలు నిద్రపోవడానికే వెళ్ళేవారు. అది 1990ల్లో కూలింది. తర్వాత ఆ స్థలం చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉంది. బస్‌స్టాపుని మాత్రం జనం ఇంకా సఫైర్ అనే పిలిచారు. పాండీ బజారులో ‘చంద్రలేఖ’ నాయిక టి.ఆర్. రాజకుమారి కట్టించిన రాజకుమారి థియేటరు కూడా షాపుల కాంప్లెక్సు అయింది. ఒక నటి తన సొంత సంపాదనతో, తన పేరుతో ఊరి నడిబొడ్డున హాలు కట్టిందంటే ఆ రోజుల్లో అదేమన్నా చిన్న విషయమా? దాని ముఖద్వారం ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే చూడాలని నా కోరిక.

వారసత్వ కట్టడాలంటూ ఈ ఊళ్ళో నడకలు, ఉపన్యాసాలు బాగానే జరుగుతున్నాయి. వెళ్తుంటాను, మోకాళ్ళు ఒప్పుకున్నప్పుడు. అక్కడ ఎప్పుడూ హైకోర్టు, సెంట్రల్ స్టేషను, ఎర్ర ఇటుకలు, గుమ్మటాలు. తెల్లవాళ్ళు కట్టినవి పాతవి కాబట్టి గొప్పవి. నిన్నటి గాజు టవర్లు కొత్తవి కాబట్టి గొప్పవి. మధ్యలో 1945 నుంచి 1965 దాకా మనవాళ్ళు అప్పోసొప్పో చేసి కట్టుకున్న స్టూడియోలు, హాళ్ళు, హోటళ్ళు, గుండ్రటి బాల్కనీల డాబాలు ఏ లెక్కలోకీ రావు. పెద్ద కొడుక్కీ చిన్న కొడుక్కీ మధ్య పుట్టినవాడిలా వాటిని ఎవరూ పట్టించుకోరు. కథీడ్రల్ రోడ్డులో ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ 1962లో మొదలై 2008లో మూతపడింది. సినిమా కథలు సగం అక్కడ కార్లలోనే తయారయ్యేవి. అక్కడిప్పుడు సెమ్మొళి పూంగా అనే పార్కు ఉంది. పార్కు బాగుంది. అందులో డ్రైవ్-ఇన్ ఫోటో ఒక్కటైనా పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఇక నేను మిమ్మల్నీ, మీ పాఠకుల్నీ అడగదలచుకున్నది.

ఈ మద్రాసు ఫోటోలు మద్రాసులో లేవు. నాకు ఈ సంగతి ఆలస్యంగా అర్థమైంది. సినిమా పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినప్పుడు మనుషులతో పాటు ఆల్బమ్‌లు కూడా తరలిపోయాయి. మేకప్‌మేన్‌ల ఇళ్ళలో, సెట్ వడ్రంగుల ఇళ్ళలో, ప్రొడక్షన్ మేనేజర్ల ఇళ్ళలో, కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో అటకల మీద ఉన్నాయి. రిటైరై సొంత ఊళ్ళకు చేరినవాళ్ళవి తెనాలిలో, గుడివాడలో, నెల్లూరులో ఉన్నాయి. ఇక్కడి చరిత్రకారులు తమిళ ఇళ్ళల్లో వెతుకుతారు, తెలుగు ఇళ్ళ గడప ఎక్కరు. ఆ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇంకా మాట్లాడగలిగి ఉంటే, ఈ సంక్రాంతికి పిల్లలు వెళ్ళినప్పుడు ఆల్బమ్ తీసి ఒక్క ప్రశ్న అడగమనండి. ‘ఇందులో ఎవరున్నారు?’ అని కాదు, అది ఎలాగూ చెబుతారు. ‘వెనక ఉన్నది ఏమిటి?’ అని అడగాలి. చెప్పింది పెన్సిల్‌తో ఫోటో వెనక మెల్లగా రాయాలి. బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందువైపుకి లేస్తుంది.

మీకు కూడా రెండు మాటలు. ముఖాలు పెద్దగా కనిపించాలని ఫోటోని చుట్టూ కత్తిరించకండి. మీ డెస్కులో తీసేసే ఆ అంచుల్లోనే ఊరు ఉంటుంది. రెండోది, ఈమధ్య కంప్యూటర్‌తో రంగులద్దిన పాత ఫోటోలు వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. మీరు కూడా ఒకటి వేశారు. అందులో స్టూడియో గేటు నీలంగా ఉంది. అది నీలమని ఎవరు చెప్పారు? ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరో ఒక పిల్ల దాన్ని చూసి, వాహినీ గేటు నీలం రంగు అని పరిశోధన వ్యాసంలో రాస్తుంది. తెలుపు నలుపుగా ఉన్నది అలాగే వేయండి.

ఈ ఉత్తరంతో ఒక ప్రింటు నకలు పంపుతున్నాను. అసలుది ఇవ్వను, మన్నించండి. అందులో వంకీల జుట్టు కుర్రాడొకడు గుడ్డ కట్టిన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు, ఎవరో నాకు తెలియదు. అతని వెనక ఒక ఫ్లోరు పక్కగోడ, దానికి ఇనుప మెట్లు, మెట్ల కింద చిన్న వినాయకుడి గూడు, కుడిచేతి పక్కన రెండు తాటిచెట్లు ఉన్నాయి. వెనకవైపు నా పన్నెండో ఎక్కం తప్ప ఇంకేమీ లేదు. జాకెట్టు చేతులు చూసి చెప్పడానికి ఆడవాళ్ళెవరూ లేరు. కాబట్టి 1955 నుంచి 1962 లోపు అని మాత్రం, నేను ఎక్కాలు నేర్చుకున్న వయసును బట్టి అనుకుంటున్నాను. ముఖం చిన్నగా, గోడ పెద్దగా వచ్చేలా వేయండి. ఇనుప మెట్ల కింద వినాయకుడున్న ఫ్లోరు ఏ స్టూడియోలో ఉండేదో అక్కడ పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవరైనా గుర్తుపడితే మీ పత్రికకే రాయమనండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
కోడంబాక్కం, చెన్నై